మోటారుబండ్ల పట్టును గూర్చి

గత సంవత్సరము తుపాను వానలు విడువక కురియుచున్న కార్తికమాస దినములలో మేము మా మిత్రులొకరి కారులో చిలకలూరిపేటనుండి పర్చూరు మీదుగా చీరాలకు పోవుచుంటిమి. దారికి ఇరుప్రక్కలను నల్లరేగడి చేలు. పగిలిన ప్రత్తికాయలు వానకు తడిసి వ్రేలాడుచుండెను. మిరపతోటలలో చాళ్ళవెంట నీరు నిలిచియుండెను. చేనిలోనుండి తారురోడ్డుపైకి ఎక్కిన ట్రాక్టరొకటి తన పెద్దచక్రముల గాళ్ళలోని బురదను ముద్దలు ముద్దలుగా రాల్చుకొనుచు మా ముందు పోయినది. రేగడి బురద యెంత జాఱునో ఈ ప్రాంతమున పుట్టినవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. ఇంతలో గేదె యొకటి గట్టు దిగి రోడ్డునకడ్డముగా వచ్చెను.

మా మిత్రులు ముప్పదియేండ్లు లారీలును కార్లును నడిపిన యనుభవశాలులు. వెంటనే బ్రేకు త్రొక్కిరి. త్రొక్కినంతనే ఆయన పాదము క్రింద పెడలు గడగడ వణకెను. బండి ముందుభాగమునుండి కటకటమను చప్పుడు వచ్చెను. బ్రేకు చెడిపోయినదని తలచి ఆయన కాలు తీసివేసి, లారీ నడుపునాటి యలవాటు చొప్పున రెండుమూడుమార్లు త్రొక్కి విడిచి మరల త్రొక్కిరి. గేదె తన దారిని తాను పోయెను. కారు మాత్రము రోడ్డు దిగి ప్రక్కనున్న బోదెలో ఒఱగి నిలిచెను. దైవకృపవలన ఎవ్వరికిని గాయములు తగులలేదు. పంచెలు పాడగుటయు, ఒక రైతు ట్రాక్టరుచేత బండిని లాగించుకొని చీకటిపడిన పిదపగాని చీరాల చేరలేకపోవుటయు మాత్రమే మాకు కలిగిన నష్టము.

మఱునాడు మెకానిక్కు బండిని పరీక్షించి బ్రేకునందు ఏ లోపమును లేదనెను. నిజమే. బ్రేకు తన పనిని చక్కగా చేయుచుండగా మేమే దానిని మాన్పించితిమి. ఆ వణకును, ఆ చప్పుడును యంత్రము పని చేయుచున్నదనుటకు గుర్తులని మా మిత్రులకు ఎవ్వరును చెప్పియుండలేదు. మూడు సంవత్సరములుగా ఆ బండిని నడుపుచున్నవారికే అది తెలియకపోయెను. కావున ఈ సంచికలో విద్యార్థులకును, వారిని దినదినము కార్లమీదను మోటారుసైకిళ్ళమీదను బడికి దింపి పోవు తల్లిదండ్రులకును ఈ విషయమును గూర్చి కొంచెము విపులముగా వ్రాయ సాహసించుచున్నాము.

నేటి కార్ల ప్రకటనలలో మూడు పేర్లు మంత్రాక్షరములవలె కనబడుచుండును. మొదటిది ఏ.బీ.ఎస్., అనగా బ్రేకు వేసినపుడు చక్రము బిగిసిపోకుండ కాచునది. రెండవది ట్రాక్షన్ కంట్రోలు, అనగా బండిని ముందునకు ఉఱికించునపుడు చక్రము ఉన్నచోటనే ఊరక తిరుగకుండ కాచునది. మూడవది స్టెబిలిటీ కంట్రోలు, అనగా మలుపులందు బండి తన దారి తప్పకుండ కాచునది. కొనువారు వీనిని మూడు వేఱువేఱు సరకులని తలచి, ఒకటి చాలదా, మూడేల యని బేరమాడుచుందురు. మా యభిప్రాయమున ఇవి మూడును ఒకే కుటుంబములోనివి. మూడింటికిని కాపాడవలసిన సొత్తు ఒక్కటే. అది టైరునకు రోడ్డుమీద నుండు పట్టు.

కారు టైరొక్కొక్కటి నేలను తాకు చోటు మన అరచేయి యంత మాత్రమే. టన్నుకు మించిన బరువుగల బండి యంతయు అట్టి నాలుగు అరచేతుల మీదనే ఆధారపడి పరుగెత్తుచున్నదను సంగతిని తలచుకొన్నవారికి కొంత భయము కలుగక మానదు; కలుగుటయే మంచిది. ఈ పట్టును మన యూళ్ళలోని బావినీటితో పోల్చవచ్చును. బావిలో ఊరునది ఇంత యని లెక్క యున్నది. ఆ నీటినే మూడు మళ్ళకు పెట్టుకొనవలెను. నిలుచుట యొక మడి, ఉఱుకుట యొక మడి, మలుపు తిరుగుట యొక మడి. నీటినంతయు ఒక్క మడికే మళ్ళించినచో తక్కిన రెండును ఎండును. బ్రేకును మితిమీరి బిగించి చక్రమును తిరుగనీయక పోయినచో ఆ టైరు నేలమీద ఈడ్వబడును. ఈడ్వబడు టైరునకు ప్రక్కకు తిరుగు పట్టు మిగులదు. అట్టి సమయమున చోదకుడు స్టీరింగును ఎటు త్రిప్పినను బండి ముందునకే జాఱిపోవుచుండును. గేదెను తప్పింపవలెనన్న తలంపు చేతులలోనే నిలిచిపోవును.

ఇందొక చిత్రమైన విషయము కలదు. బ్రేకు వేసినపుడు టైరు బండితో సరిసమానముగా గాక కొంచెము వెనుకబడి తిరుగుచుండగా, అనగా ఎండిన తారురోడ్డుపై నూటికి 10 మొదలు 20 పాళ్ళవఱకు జాఱుచుండగా, దాని పట్టు అత్యధికముగ నుండును. అంతకు మించి జాఱినచో పట్టు తగ్గును. మానవుని పాదమెంత నేర్పుగలదైనను నాలుగు చక్రములను వేర్వేఱుగా ఆ కొలతయందు నిలుపజాలదు. ఏ.బీ.ఎస్. చేయు పని యదియే. ప్రతి చక్రమువద్దను ఒక సెన్సారుండి ఆ చక్రపు వేగమును కనిపెట్టుచుండును. ఒక చక్రము ఆకస్మికముగ వేగము తగ్గి బిగిసిపోబోవుచున్నదని తెలియగనే, దాని బ్రేకునకు పోవు నూనె త్రోవను ఒక కవాటము మూసివేయును. అప్పటికిని చక్రము కోలుకొననిచో మఱియొక కవాటము తెఱచుకొని ఒత్తిడిని కొంత విడుచును. చక్రము తిరుగనారంభింపగనే మరల ఒత్తిడి చేరును. ఒక్క సెకనులో ఇట్లు పలుమార్లు జరుగును. ఆ కవాటముల కొట్టుకొనుటయు, నూనెను వెనుకకు తోడు పంపు చప్పుడును గలిసి మా మిత్రుల పాదమును వణకించినవి.

పూర్వము లారీ చోదకులు శిష్యులకు, జాఱుడు దారిలో బ్రేకును ఒక్కపెట్టున త్రొక్కవలదు, త్రొక్కి విడిచి త్రొక్కుమని నేర్పెడివారు. ఆ కాలమునకది సరియైన విద్యయే. వారు పాదముతో చేయజూచిన దానినే నేడు యంత్రము వేగముగా చేయుచున్నది. యంత్రమున్న బండిలో ఆ పాతవిద్యను చూపుట, పాలు పితుకుచున్నవాని చేతిని మాటిమాటికి లాగుటవంటిది. ఏ.బీ.ఎస్. గల కారులో ఆపద వచ్చినపుడు బ్రేకును బలముగా త్రొక్కి, కాలు తీయక, దృష్టిని తాము పోదలచిన ఖాళీ చోటుమీద నుంచి స్టీరింగును త్రిప్పవలెను. ఈ ఒక్క వాక్యమును ఇంటివద్ద తండ్రులకు చదివి వినిపింపుడని విద్యార్థులను కోరుచున్నాము.

ట్రాక్షన్ కంట్రోలు దీనికి తిరుగుడు పని. ఇది ఆ సెన్సారులనే వాడుకొనును. ఇంజనుచే తిరుగు రెండు చక్రములలో ఒకటి బురదలోను మఱియొకటి తారుమీదను ఉన్నదనుకొందము. రెంటికిని శక్తిని పంచు డిఫరెన్షియలు అను పండ్లచక్రముల పెట్టె స్వభావమేమనగా, రెంటికిని సమానమైన బలమునే ఇచ్చును. బురదలోని చక్రము ఏ బలమును పుచ్చుకొనజాలక ఊరక గిఱ్ఱున తిరుగుచుండగా తారుమీది చక్రమునకును ఆ పాటి బలమే దక్కును, బండి కదలదు. అపుడీ సాధనము తిరుగుచున్న చక్రమునకు మాత్రము మెల్లగా బ్రేకు వేయును. దానితో రెండవ చక్రమునకును బలము చేరి బండి బయటపడును. అవసరమైనచో ఇంజను శక్తిని కూడ తగ్గించును. కాని చక్రములు రెండును లోతైన రేగడిలో దిగబడినపుడు ఈ శక్తి తగ్గింపే అడ్డమగుట కలదు. అందులకే పలు కార్లలో దీనిని ఆపుటకొక మీట యుంచినారు. చేలదారులలో దిగబడిన రైతుమిత్రులు ఆ మీటను వెదకుకొని, గట్టెక్కిన పిదప మరల వేయుట మఱవరాదు.

స్టెబిలిటీ కంట్రోలును గూర్చి చెప్పుటకు మనకు ఎద్దుబండికంటె మంచి యుపాధ్యాయుడు లేడు. ఒంగోలు గిత్తల జోడిని తోలినవారెవ్వరైనను ఎఱుగుదురు: ఎడమవైపునున్న దాపటి యెద్దును పగ్గముతో నిలవరించి, వలపటి యెద్దును అదలించినచో బండి ఎడమకు తిరుగును. కారునందును అంతియే. ఎడమవైపు చక్రమొక్కటి బిగింపబడినచో బండి ముక్కు ఎడమకు లాగబడును. ఈ సూక్ష్మమును పట్టుకొని, బాష్ అను జర్మను సంస్థయందు ఆంటన్ వాన్ జాంటెన్ అను ఇంజనీరు నాయకత్వమున పనివారు ఈ సాధనమును సిద్ధము చేసిరి. 1995లో అది మెర్సిడెస్ కారులో మొదట వెలువడినది. స్టీరింగును చోదకుడెంత త్రిప్పెనో తెలుపు సెన్సారొకటి, బండి నిజముగా ఎంత తిరుగుచున్నదో తెలుపు సెన్సారొకటి, ప్రక్కకు ఎంత నెట్టబడుచున్నదో తెలుపునది మఱియొకటి. చోదకుని కోరికను, బండి నడకను సెకనునకు 25 మార్లు సరిపోల్చి చూచుచుండును. ఎడమ మలుపులో బండి తిరుగక నేరుగా పోవుచున్నచో లోపలివైపు వెనుకచక్రమునకు, అనగా ఎడమ వెనుకచక్రమునకు, బ్రేకు వేసి ముక్కును లోనికి లాగును. అట్లుగాక వెనుకభాగము బయటకు విసరివేయబడుచున్నచో కుడి ముందుచక్రమునకు బ్రేకు వేసి నిలవరించును. చోదకుని పాదము బ్రేకుమీద లేకున్నను ఈ పని జరుగును.

ఇప్పుడు మూడింటి బంధుత్వము స్పష్టమగును. స్టెబిలిటీ కంట్రోలు ఒక చక్రమును బిగించునపుడు అది పూర్తిగా బిగిసిపోకుండ కాచునది ఏ.బీ.ఎస్. చోదకుడు తొక్కకుండగనే బ్రేకు వేయగల నేర్పు ట్రాక్షన్ కంట్రోలునుండి వచ్చినది. చక్రపు సెన్సారులు, పంపు, కవాటములపెట్టె, లెక్కలు చూచు యంత్రము మూడింటికిని ఉమ్మడి. మొదటిది లేక రెండవది లేదు. ఆ రెండును లేక మూడవది నడువదు. ఉమ్మడి కుటుంబమున వలె ఒక్క సెన్సారు తీగ తెగినచో ముగ్గురును పనికి రారు. మామూలు బ్రేకు మాత్రము మిగులును.

ఈ విద్య మొదట కార్లకొఱకు పుట్టినది కాదు. 1950ల తొలినాళ్ళలో డన్‌లప్ సంస్థవారు విమానములు దిగునపుడు చక్రములు బిగిసి టైర్లు పగులకుండుటకు మాక్సరెట్ అను సాధనమును వాడుకలోనికి తెచ్చిరి. కంప్యూటరు లెక్కలతో నడచు నేటి రీతి ఏ.బీ.ఎస్. 1978లో మెర్సిడెస్ కార్లలో ప్రవేశించినది. మన కొరిశపాడువద్ద 16వ నంబరు జాతీయ రహదారినే విమానముల దారిగా తీర్చి, 2024 మార్చి మాసమున వాయుసేనవారు రవాణా విమానములను దింపి లేపినపుడు, మన పిల్లలు ఆ వార్తను ఎంత యుత్సాహముతో చెప్పుకొనిరో జ్ఞాపకమున్నది. విమానములనుండి రోడ్డుమీది బండ్లకు దిగివచ్చిన విద్యను చూపుటకు ఆ రోడ్డుకంటె తగిన చోటు లేదని మాకప్పుడు తోచినది.

స్టెబిలిటీ కంట్రోలునకు లోకమున ప్రచారము గలిగిన కథయు వినదగినదే. 1997లో స్వీడను దేశపు మోటారు పత్రిక యొకటి కొత్తగా వచ్చిన మెర్సిడెస్ ఏ-క్లాసు అను చిన్నకారును పరీక్షించెను. రోడ్డుకడ్డముగా దుప్పి వచ్చినచో తప్పించుకొనునట్లు బండిని ప్రక్కకును మరల యథాస్థానమునకును త్రిప్పుట ఆ పరీక్ష. అందు ఆ కారు తలక్రిందులయ్యెను. సంస్థవారు సిగ్గుపడి, అంతవఱకు ఖరీదైన కార్లకే పరిమితమై యుండిన ఈ సాధనమును ఆ చిన్నకారున కన్నింటికిని అమర్చిరి. వారికి దుప్పి, మనకు గేదె.

ఇక మేము ముఖ్యముగ చెప్పదలచినది. ఈ మూడు సాధనములును ఉన్న పట్టును పొదుపుగా వాడునవే గాని, లేని పట్టును పుట్టింపజాలవు. బావిలో నీరు లేనిచో కాపలాదారుడేమి చేయును? గంటకు 80 కిలోమీటర్ల వేగముతో పోవు కారు ఎండిన మంచి తారురోడ్డుపై బ్రేకు త్రొక్కినది మొదలు సుమారు 30 మీటర్లలో నిలువగలదు. పట్టు మూడవ వంతునకు పడిపోయిన బురదదారిలో ఆ దూరము 90 మీటర్లగును. త్రొక్కవలెనని తోచుటకు పట్టు ఒక్క సెకనులో పోయిన 22 మీటర్లు దీనికి అదనము. వేగము రెండింతలైనచో నిలుచు దూరము నాలుగింతలగునని తరగతిలో నేర్చుకొన్న విద్యార్థులకు ఈ లెక్క కొత్త కాదు. మఱియు కంకర పఱచి తారు వేయని రోడ్లపై, చక్రము బిగిసినచో దాని ముందు కంకర కుప్పపడి బండిని ఆపుటకు తోడ్పడును, ఏ.బీ.ఎస్. ఆ కుప్పను పడనీయదు గనుక అచ్చట నిలుచు దూరము పెరుగుటయు కలదు. స్టీరింగు మన వశమున నుండుటయే అచ్చటి లాభము.

మా సహోపాధ్యాయులలో ఒకరు, ఇట్టి సాధనములు మనుష్యుని మఱింత దుడుకు చేయునని వాదింతురు. ఆ వాదము వట్టిది కాదు. 1980లలో జర్మనీదేశపు మ్యూనిక్ పట్టణమున టాక్సీలలో కొన్నింటికి ఏ.బీ.ఎస్. అమర్చి, కొన్నింటికి అమర్చక, సంవత్సరములతరబడి పరిశీలించిరి. ప్రమాదముల సంఖ్యలో చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. ఏలయనగా, సాధనము గల టాక్సీల చోదకులు మలుపులను మఱింత వేగముగ తిరుగుచు, ముందు బండికి మఱింత దగ్గఱగ పోవుచుండిరి. బ్రేకు ఆదా చేసిన పట్టును వారు వేగముగా ఖర్చుపెట్టుకొనిరి. దేవాలయ శిఖరముపై నిలువబెట్టి, దూతలు పట్టుకొందురు గదా, దుముకుమని శోధకుడు పలికిన ఘట్టము మన బైబిలు తరగతిలో ఏటేట చదువుచునే యున్నాము. ఆ చోదకులు దుమికి చూచినవారే.

అయినను మేము మా మిత్రుని వాదముతో పూర్తిగా ఏకీభవింపము. స్టెబిలిటీ కంట్రోలు విషయమున ఫలితము వేఱు. అమెరికా దేశపు భీమా సంస్థలు నడుపు రహదారి భద్రతా పరిశోధనాలయము లెక్కించి చూడగా, ఒంటరిగ అదుపు తప్పు కార్ల ప్రాణాంతక ప్రమాదములు దీనివలన సుమారు సగమునకు తగ్గినట్లు తేలెను. చోదకుడు కోరకయే తనంతట పనిచేయుటచే ఇది వానికి గర్వము పుట్టింపదు కాబోలు. మన దేశమున కార్లకు ఏ.బీ.ఎస్. 2019 ఏప్రిలునుండి తప్పనిసరి యైనది; 2023 అక్టోబరులో ఆరంభమైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో మూడు నక్షత్రములు గాని అంతకు పైన గాని పొందవలెనన్న స్టెబిలిటీ కంట్రోలు ఉండవలెను. మిరపకు మంచి ధర పలికిన యేట గుంటూరు యార్డునుండి నేరుగా కార్ల దుకాణమునకు పోవు రైతుసోదరులను మేమెఱుగుదుము. వారు పైకప్పునకు అద్దపు కిటికీ యున్నదా, పాటల తెర యెంత పెద్దది యని యడుగుదురు. ఆ కిటికీనుండి మన వైశాఖపు ఎండ తప్ప మఱేమియు లోనికి రాదు. ఆ సొమ్ముతో స్టెబిలిటీ కంట్రోలు గల రకమును కోరుడని మా విన్నపము. అమ్మువారును తాళపుచెవితో మిఠాయి పెట్టె నిచ్చి ఛాయాచిత్రము తీసి పంపుటకు మాఱుగ, పెడలు వణకునని ఒక్కమాట చెప్పి పంపిన బాగుండును.

టైర్ల సంగతి మఱవరాదు. గాళ్ళ అడుగున 1.6 మిల్లీమీటర్ల యెత్తున చిన్న దిమ్మెలుండును. టైరు అఱిగి ఆ దిమ్మెలతో సమమైనచో దానిని మార్చవలసినదే. నీటిని చీల్చి ప్రక్కకు పంపునవి ఆ గాళ్ళే. గాళ్ళు లేని టైరు నీటిపొరపై తేలును. తేలుచున్న చక్రమునకు ఏ సాధనమును సాయపడజాలదు.

ఈ యేడు తొలకరి వానకు పాఠశాల మైదానము తడిసినపుడు, పిల్లలందఱు వరండాలపై నుండగా, మా మిత్రులు తమ కారును ఖాళీ మైదానములో గంటకు 30 కిలోమీటర్ల వేగమున నడిపి, బ్రేకును బలముగా త్రొక్కి కాలు తీయక యుంచిరి. పెడలు వణకెను. బండి స్టీరింగు మాట వినుచు నిలిచెను. ఆయన దిగివచ్చి, ముప్పదియేండ్ల యలవాటు పోవుటకు మూడుమార్లు పట్టునని నవ్వి, మఱి రెండుమార్లు చేసిరి. పిమ్మట అచ్చటనే నిలిచియున్న, పిల్లలను తెచ్చు అద్దె వ్యానును చూతమని తాళము త్రిప్పించిరి. ఇంజను నడువగనే ఆఱిపోవలసిన ఏ.బీ.ఎస్. పసుపుదీపము ఎంతకును ఆఱలేదు. ఆఱలేదని ఎవ్వరికిని తెలియకుండ దానిపై నల్లని అట్టముక్క అంటింపబడియుండెను. కంటికి అడ్డముగా నున్నదని తానే అంటించితినని చోదకుడు చెప్పెను. వెనుకచక్రమువద్ద సెన్సారు తీగ ఎండిన రేగడి గడ్డల క్రింద తెగియుండెను. మెకానిక్కు దానిని మార్చుటకు అర్ధగంట పట్టినది. అట్టముక్క మా బల్లమీద నున్నది.